బ్యాంకు డబ్బా

పోయిన వారం జమునను రఘుపతి సేటు షాపులో, కౌంటర్ వెనక, బిస్కట్ల డబ్బా మీద చెయ్యి పెట్టి నిలబడి ఉండగా వదిలేశాం. గుమ్మంలోకి సారవ్వ వచ్చింది, వెంట కూతురు దీప. "సేటూ, నా బిడ్డకు నర్సింగు సీటు చేతిదాక వచ్చి పోయింది. ఏడాది ఇంట్ల ఉత్తగ కూసుంటే మనాది పెట్టుకుంటది. ఏదన్న పనుంటే చూడుండ్రి" అని సారవ్వ చేతులు జోడించింది. దీపావళి బోనస్ రోజులు దగ్గరపడ్డాయి. గోదావరిఖని లక్ష్మీనగర్ మొత్తం గిరాకీతో కిటకిటలాడుతోంది. షాపులో పనికి ఒక మనిషి తక్కువగానే ఉంది. రఘుపతి రెండో మాట లేకుండా ఒప్పుకున్నాడు. "రేపట్నుంచి రమ్మను. జమున పక్కన కూసోని పని నేర్చుకుంటది" అన్నాడు.

ఎవరి పక్కన కూర్చోబెట్టాడో చూశారా? ఊళ్ళో ఇంకెవరి పక్కనా చోటు లేనట్టు. ఆ సీటు పోవడానికి కారణం జమునే. ఆ సంగతి సారవ్వకు తెలియదు, దీపకు తెలియదు. జమునకు ఒక్కదానికే తెలుసు.

డబ్బా సంగతి మళ్ళీ ఒకసారి చెప్పక తప్పదు, ఇవాళ్టి కథంతా దాని చుట్టే కాబట్టి. షాపులో దాన్ని బ్యాంకు డబ్బా అంటారు. ఫ్రిజ్జో టీవీయో కొని ఎవరైనా డెబిట్ కార్డు ఇస్తే, సామాను ధర మిషన్లో గీకుతారు. ఆ పైన నూటికి రెండు రూపాయల లెక్కన నోట్లు అడిగి తీసుకుంటారు. అది కూడా మిషన్లోనే కలిపితే కాగితం మీద పడుతుందిగా, అందుకని. "బ్యాంకోళ్లు తీస్కుంటరు కాకా, మాకు కాదు" అని ఒక మాట అనాలి. ఆ మాట అనే పని జమునది. నోట్లు వెళ్ళేది మాత్రం బ్యాంకుకు కాదు, బిస్కట్ల డబ్బాలోకి. బతుకమ్మ పండక్కి ముందు డబ్బా తెరిచి, సగం సేటు ఉంచుకుని, మిగతా సగం పనివాళ్ళకు పంచుతాడు. ఫోన్లో డబ్బు కొట్టే కుర్రవాళ్ళ దగ్గర ఇది నడవదు. బొగ్గు గనిలో చేసి రిటైరైనవాళ్ళు, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు, కార్డు తప్ప ఇంకోటి ఎరగనివాళ్ళు, వాళ్ళ దగ్గరే నడుస్తుంది.

తప్పని జమునకు తెలియదా అంటే, తెలుసు. మిషన్ పెట్టడానికి వచ్చిన ముస్తఫా ఆనాడే ఆమె ముందు విప్పి చెప్పాడు. "డెబిట్ కార్డు మీద గిరాకి దగ్గర పైస గూడ ఎక్కువ తీస్కోవద్దమ్మా. రిజర్వు బ్యాంకు రూలు. మిషన్‌కు ఏమన్న ఖర్చయితే షాపే పెట్టుకోవాలె, గిరాకి మీద రుద్దొద్దు." ఆ మాటే రాసి ఉన్న స్టిక్కరు కౌంటర్ అద్దానికి అంటించి మరీ వెళ్ళాడు. అతని బండి మూల తిరిగిందో లేదో, "గా అద్దం మీద వాషింగ్ మిషన్ పోస్టర్ అంటియ్యి జమునా" అన్నాడు సేటు. అంటించింది జమునే.

అంతటితో ఆగినా బాగుండేది. వానాకాలంలో సారవ్వ ఫ్రిజ్జు కొనడానికి వచ్చి, "గింత ఎందుకు బిడ్డా బ్యాంకోళ్లకు" అని అడిగింది. జమున ఊరుకోక ఒక సలహా కూడా ఇచ్చింది. "ఏడ గీకినా అంతే అవ్వా. అందుకే పెద్ద పైసలైతే కార్డు గీకకు. నోట్లు తీసి కట్టు." చెప్పిన అబద్ధం నిజంలా కనపడాలని అన్న మాట అది. సారవ్వ దాన్ని కొంగున ముడేసుకుంది. దసరా ముందు దీపకు కరీంనగర్‌లో నర్సింగు సీటు వచ్చింది. ఫీజు కట్టే చోట కార్డు మిషన్ ఉంది, సారవ్వ చేతిలో భర్త కార్డు ఉంది, ఖాతాలో డబ్బు ఉంది. అయినా ఆమె గీకలేదు. నోట్లు తెస్తానని వెనక్కి వచ్చేసింది. అవి గని కంపెనీ కార్మికుల ఖాతాల్లో లాభాల వాటా వేసిన రోజులు. ఏ ఏటీఎం ముందు చూసినా గని గేటు ముందున్నంత జనం, లోపల చూస్తే నోట్లు లేవు. పైగా రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం, బ్యాంకులూ లేవు. సారవ్వ డబ్బు కూడగట్టుకుని మళ్ళీ కరీంనగర్‌లో బస్సు దిగేసరికి గడువు దాటిపోయింది. సీటు ఇంకెవరికో ఇచ్చేశారు.

ఇక ఇవాళ్టి సంగతి.

దీప పొద్దున్నే వచ్చింది. జడ గట్టిగా అల్లుకుని, చున్నీకి రెండు వైపులా పిన్ను పెట్టుకుని, కాలేజీకి బయలుదేరిన పిల్లలాగే ఉంది. జమున ఒంటి మీద ఆకుపచ్చ చీర ఉంది. బతుకమ్మకు డబ్బాలో తన వాటాతో కొన్నది. తెల్లారి హడావిడిలో ఏది చేతికొస్తే అది కట్టుకుని వచ్చింది. ఇప్పుడు దీపను చూశాక ఆ చీర ఒంటికి గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

"చీర మంచిగున్నదక్కా" అంది దీప.

"ఏం మంచిగ, పాతదే" అంది జమున చెంగు సర్దుకుంటూ. పొద్దున్నే ఒక అబద్ధంతో బోణీ అయింది.

పని నేర్పడం మొదలుపెట్టింది. ఏ సామాను గోదాములో ఎక్కడుందో చూపించింది. వారంటీ కాగితం మీద ముద్ర ఎక్కడ వెయ్యాలో చెప్పింది. కార్డు మిషన్ తీసి దీప చేతిలో పెట్టింది.

"ఇగ ఇది జర జాగ్రత్త. మన దగ్గర అందరు పిన్ను పైకే చెప్తరు. షాపంత ఇనవడేటట్టు చెప్తరు. నువ్వే కొట్టు బిడ్డా అంటరు. నువ్వు కొట్టద్దు. మిషన్ వాళ్ల చేతికే ఇయ్యాలె, నువ్వు మొఖం అటు తిప్పుకోవాలె. ఒకళ్ల పిన్ను మనకెందుకు, పాపం."

ఆ విషయంలో జమున నిప్పు. ఇన్నేళ్ళలో ఎవరి పిన్నూ గుర్తుపెట్టుకోలేదు. చెవిన పడినా మర్చిపోవాలని చూసేది. ఒకరి ఖాతా మొత్తం తన చేతిలో పెట్టినా వేలు వెయ్యని మనిషి, నూటికి రెండు దగ్గర ఎలా జారిపోయిందో నాకు అర్థం కాదు. మీకు అర్థమైతే నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.

అంతలో మొదటి గిరాకీ వచ్చింది. బిక్షం అని, యైటింక్లైన్ గని కాలనీ మనిషి. నైట్ షిఫ్టు దిగి స్నానం చేసి తిన్నగా ఇటే వచ్చాడు, కళ్ళ అంచుల్లో బొగ్గు ఇంకా పోలేదు. వాషింగ్ మిషన్ కావాలన్నాడు.

"నా డ్యూటీ బట్టలు ఉతికి ఉతికి మా ఇంటామె చేతులు పగిలినయి బిడ్డా. బోనస్ వడేదాక ఆగుదమనుకున్న, నిన్న చేతులకెళ్లి నెత్తురు కారవట్టె. ఇగ ఆగుడెందుకు" అన్నాడు దీపతో.

మిషన్ నచ్చింది, ధర కుదిరింది, బిక్షం కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. జమున తిన్నగా మిషన్ అందుకుంది. తన కుర్చీలో కూర్చుని అగరబత్తి వెలిగిస్తున్న రఘుపతి అక్కణ్ణుంచే అన్నాడు.

"గా పిల్లతోని చెప్పియ్యి జమునా. నోరు తిరగాలె గదా."

దీప జమున వైపు తిరిగింది, ఏం చెప్పాలన్నట్టు. సేటు చూస్తున్నాడు. బిక్షం చూస్తున్నాడు. జమున భర్త ఉద్యోగం చూస్తే ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు డ్రైవరు, ఈ నెల ఉంటే వచ్చే నెల నమ్మకం లేదు. పిల్లల బడి ఫీజులు ఈ కౌంటర్ మీదే నడుస్తున్నాయి. ఆమె వంగి దీప చెవిలో నెమ్మదిగా చెప్పింది.

"కాకా, కార్డుకైతే రెండు శాతం ఎక్కువైతది" అంది దీప. "బ్యాంకోళ్లు తీస్కుంటరు, మాకు కాదు."

బిక్షం నవ్వాడు. "అంటే దస్తూరి అన్నట్టు. మా నాయిన మక్కలు అమ్మబోతే అడ్తి దుకాణపోళ్లు కోస్తుండె. ఇప్పుడు బ్యాంకోళ్లు కోయవట్టిరి. కోయనీ." జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టకుండానే దీప ముందు పెట్టాడు.

పిల్ల అంతటితో ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు.

"నోట్లే తెద్దమని ఎన్నడు వెనుకకు పోకు కాకా. పోతే పోయింది రెండు శాతం, గీకెయ్యాలె. మా అమ్మ గా రెండు శాతం చూస్కునుడుతోనే నా సీటు పోయింది."

"ఏం సీటు బిడ్డా?"

"నర్సింగు."

బిక్షం ముఖంలో నవ్వు పోయింది. "అయ్యో. గా బ్యాంకోళ్లకు పుణ్యముండది బిడ్డా" అన్నాడు.

జమున ఆ నోట్లు తీసి డబ్బాలో వేసి మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. రెండోసారి నొక్కి పెట్టింది. శాపం బ్యాంకు పేరు మీద వచ్చింది గానీ ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

మధ్యాహ్నం సారవ్వ టిఫిను డబ్బా పట్టుకుని వచ్చింది. గోదాములో థర్మకోల్ ముక్కలు పక్కకు నెట్టి, అట్టపెట్టెలు పరిచి ముగ్గురూ కూర్చున్నారు. సారవ్వ డబ్బా విప్పితే వేడి సర్వపిండి, పల్లీలు నువ్వులు వేసి పలచగా అద్దినది. ముందుగా తీసి జమున చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. నీకు ఇష్టమని కారం జర ఎక్కువేసిన. నీ పుణ్యాన నా పిల్లకు నీడపట్టున పని దొరికింది."

జమున ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. మాట మార్చాలని, సారవ్వ భర్త గురించి "మొగిలి కాక ఎట్లున్నడవ్వా?" అని అడిగింది. అడగకుండా ఉంటే ఇవాళ్టికి తప్పించుకునేది.

"ఎట్లుంటడు. దసరా కాంచి నాతోని మాట్లాడతలేడు." సారవ్వ కూతురి వైపు ఒకసారి చూసి మళ్ళీ తల దించుకుంది. "చాయ్ ఇస్తె తాగుతడు, గిలాస పక్కకు వెడతడు, మొఖం చూడడు. ఇంటికి ఎవలన్న వస్తె వాళ్లకు చెప్తడు, 'గీమె నూటికి రెండు చూస్కున్నది, పిల్ల బతుకు చూస్కోలె' అని. ఆయన తప్పేమున్నది. గనిల పైకప్పు కూలి కాలు ఇరిగినప్పుడు దవాఖానల ఒక నర్సమ్మ ఆయనను తల్లి లెక్క చూసింది. అప్పటిసంది ఒక్కటే మాట, నా బిడ్డను నర్సును చేస్త అని. నేనేమో కక్కుర్తి వడితి. గా రెండు శాతంతోని నెల బియ్యమొస్తయని చూస్కుంటి."

"అమ్మా, ఇగ చాలు" అంది దీప.

"ఉన్న మాటే గదనే." సారవ్వ జమున వైపు కొంచెం జరిగి, గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పినవని మాత్రం ఇంట్ల చెప్పలె బిడ్డా. దీనికి గూడ ఇప్పటిదాక ఎర్కలేదు. నువ్వు మంచికే చెప్తివి, నోట్లు తీసి కట్టమని. నేను జల్ది తియ్యకపోతి. నీ పేరెత్తితే ఆయన నీ ఇంటి మీదికొస్తడు. ఎందుకది."

దసరా నాటి నుంచి మొగుడి చేత మాట పడుతూ, పక్కింటివాళ్ళ ముందు తల దించుకుంటూ, ఈ మనిషి జమున పేరు దాచిపెట్టింది. దాచి, దానికి పైన సర్వపిండి చేసుకుని వచ్చింది. జమున చేతిలోని ముక్క మూత మీద పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి, తుడుచుకోలేదు.

"అవ్వా, నేను మంచికి చెప్పలె."

"ఏందది?"

"గది బ్యాంకోళ్లు తీస్కునుడు కాదు. డెబిట్ కార్డు మీద గిరాకి దగ్గర రూపాయి గూడ ఎక్కువ తీస్కోవద్దు. రూలు గట్లనే ఉన్నది. మేమే తీస్కుంటున్నం. డబ్బాల ఏసుకోని పండుగకు పంచుకుంటున్నం. నువ్వు గప్పుడు ఎందుకని అడిగితివి. నీకు అనుమానమొస్తదని ఏడ గీకినా అంతే అని చెప్పిన. కాలేజీల నువ్వు గీకితే ఒక్క రూపాయి ఎక్కువ పోకుండె."

సారవ్వకు ఆ మాటలు ఒక్కసారిగా ఎక్కలేదు. "ఎక్కువ పోకుండెనా?" అని మళ్ళీ అడిగింది.

"పోకుండె అవ్వా. మూటలు గట్టుకోని తిరుగుడు అక్కెరనే లేకుండె. గా పొద్దే సీటు దీపదయ్యేది."

ముందు మాట్లాడింది దీప. గొంతు మామూలుగానే ఉంది.

"నీకు ఎప్పటిసంది ఎర్కక్కా?"

"మిషన్ పెట్టినప్పటిసంది. ముస్తఫా అన్న నాతోనే చెప్పిండు."

"అంటే మా అమ్మకు చెప్పినప్పుడు నీకు ఎర్కనే."

"ఎర్కనే."

"నా సీటు పోయిందని మా ఇంటికి ఓదార్వనీకి వస్తివి. గప్పుడు గూడ ఎర్కనే."

జమున తల ఊపింది.

"సరే, అది అయిపోయింది. మరి పొద్దుగాల నాతోని ఎందుకు చెప్పిచ్చినవక్కా?" ఇప్పుడు దీప గొంతు పెరిగింది. "గా కాకకు నువ్వు చెప్తే అయిపోవు గదా. నా నోటితోనే ఎందుకు? పెండ్లాం చేతులు పగిలినయని కొనుక్కపోయె ఆయన. నేను ఆయనకు అబద్ధం చెప్తి, మా అమ్మను గూడ బద్నాం చేస్తి."

సేటు చూస్తున్నాడని జమున చెప్పొచ్చు, ఇల్లు గడవదని చెప్పొచ్చు. రెండూ నిజాలే. రెండూ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. సిగ్గుతో మనిషి చచ్చిపోదు కాబట్టి బతికి ఉంది, అంతే.

సారవ్వ ఒక్క తిట్టు తిట్టలేదు. టిఫిను డబ్బా మూత పెట్టి, క్లిప్పు బిగించి, లేచి నిలబడి జమున మణికట్టు పట్టుకుంది.

"నడువు."

"ఏడికవ్వా?"

"మా ఇంటికి. గీ మాట ఆయన ముంగట చెప్పు. నేను చెప్తే ఇనడు, నన్ను నేను కాపాడుకుంటున్న అనుకుంటడు. నువ్వే చెప్పాలె."

"సాయంత్రం వస్త అవ్వా. డ్యూటీ దిగంగనే తిన్నగ మీ ఇంటికే వస్త."

"సాయంత్రం దాక ఎందుకు. గడువు దాటితే ఏమైతదో నాకెర్క."

ఆ పట్టు విదిలించుకోవడం జమునకు కష్టం కాదు. విదిలించుకోలేదు. ముగ్గురూ గోదాము నుంచి షాపులోకి వచ్చారు. రఘుపతి ఎదురొచ్చాడు. సారవ్వ పట్టుకున్న చెయ్యి చూశాడు, జమున తడి ముఖం చూశాడు, దీప ముఖం చూశాడు. సంగతేమిటో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఎన్నో ఏళ్ళ వ్యాపారం మరి.

"ఎటు జమునా, గిరాకి టైంల?"

"సేటూ, ఒక్క గంట. అవ్వ ఇంటికి పోయొస్త. కాకకు ఒక మాట చెప్పేదున్నది."

"ఏం మాట?"

"డబ్బా మాట."

రఘుపతి గొంతు పెంచలేదు. గుమ్మం దాకా వచ్చి, జమునకు మాత్రమే వినపడేలా అన్నాడు. "డబ్బాల నీ పాలు లేదా? నువ్వు కట్టుకున్న చీర ఎవలిది? చెప్పేదానివి మొత్తం చెప్పు మరి. చెప్పి ఇగ ఇటు రాకు."

ఇది జమున ఊహించిన దెబ్బే. చీర చెంగు రెండు చేతులా పట్టుకోబోయింది, ఒక చెయ్యి సారవ్వ దగ్గర ఉంది. అలాగే ఒక అడుగు గడప బయట పెట్టింది.

అప్పుడు రఘుపతి వెనక్కి తిరిగి మామూలు గొంతుతో పిలిచాడు.

"దీపా, రా బిడ్డా. గా కుర్చీల కూసో. ఇయ్యాల్టిసంది అది నీదే. జమున జీతమే నీకిస్త. వచ్చే యేడు సీటొస్తె ఫీజు గూడ నేనే చూస్త, మీ బాపుకు చెప్పు."

దీప కౌంటర్ పక్కన నిలబడిపోయింది. బయట తల్లి, లోపల కుర్చీ. తల్లి కళ్ళతోనే రమ్మంటోంది. పిల్ల కదల్లేదు. ఇంతలో మెట్ల మీద జమునను తప్పుకుంటూ ఒకామె లోపలికి వచ్చింది. అనసూర్య అని, నస్పూర్ నుంచి మిక్సీ కోసం వచ్చింది. నిన్న వచ్చి చూసి వెళ్ళింది, ఇప్పుడు మొగుడి కార్డు తెచ్చింది. తిన్నగా వెళ్ళి కార్డు కౌంటర్ మీద పెట్టి, పిన్ను పైకి చెప్పబోయింది.

"పిన్ను చెప్పకక్కా, నువ్వే కొట్టు" అంటూ దీప వెళ్ళి కుర్చీలో కూర్చుంది. మిషన్ ఆమె చేతికిచ్చింది. పొద్దున నేర్పినట్టే ముఖం పక్కకు తిప్పుకుంది. తిప్పుకుంటే ఎదురుగా గుమ్మం, గుమ్మంలో జమున.

"కార్డుకైతే రెండు శాతం ఎక్కువైతదక్కా. బ్యాంకోళ్లు తీస్కుంటరు, మాకు కాదు."

జమున మణికట్టు మీద సారవ్వ పట్టు వదులైంది. ఆ మాట అంటున్నంతసేపూ దీప అనసూర్య వైపు చూడలేదు. జమున వైపే చూసింది.